సాయంకాలపు పాట

మొన్న ఆదివారం సాయంకాలం రావిర్యాలలో మా ఇంట చిన్న యుద్ధం జరిగింది. బి.బి.సి. 1926 నుంచి ప్రసారం చేస్తున్న చర్చి సాయంప్రార్థన గానాన్ని మా అబ్బాయి ఫోనులో పెట్టాడు.

“నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోయి ఎలా కలుస్తాయో విను నానమ్మా!” అన్నాడు.

“అవి కలిసేలోగా నేను నిద్రపోతాను. పురుషోత్తమ చౌధరిగారి కీర్తన పాడుకుందాం రా!” అంది అమ్మ.

చౌధరిగారు (1803–1890) క్రీస్తు కీర్తనలను మన రాగతాళాలలోనే కట్టారు. ఒకరు ఎత్తుకుంటే పదిమందీ అందుకోవచ్చు. ఆ ఇంగ్లీషు గానమో, చాలావరకు బృందం పాడగా మనం వినవలసిందే.

నాకు రెండూ ఇష్టమే. కాని అమ్మకు చూపు పోయి రెండేళ్లయింది. చర్చికి వెళ్లలేకపోతోంది. పాడుకోవడం ఒక్కటే మిగిలింది. ఆ మాట వాడికెలా చెప్పను?

చెప్పనక్కరలేకపోయింది. అమ్మ పల్లవి ఎత్తుకుంది. వాడు ఫోను కట్టేసి, తాళం వేశాడు.