తొట్టిలో కొలిచిన గొంతు

ఈపురుపాలెంలో మా నాన్న ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే ఆ చివరి గట్టు మీది కూలీలు పలుకుతారు. అదే మనిషి ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుంటే గుసగుసగా మాట్లాడతాడు. ఆ గుసగుస విని ఆయన గొంతు ఇంతేనని రాసుకుంటే ఎంత పొరపాటు! డాల్ఫిన్ల విషయంలో శాస్త్రజ్ఞులు కొంతకాలం ఇలాగే పొరబడ్డారు.

డాల్ఫిన్ నీళ్లలో టకటకమని చప్పుళ్లు చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఏముందో పోల్చుకుంటుంది. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో కెన్నెత్ నారిస్ ఒక డాల్ఫిన్ కళ్లకు రబ్బరు మూతలు పెట్టి ఈ సంగతి రుజువు చేశాడు. తొట్లలో కొలిస్తే ఆ చప్పుళ్ల బలం ఎక్కువగా 30–60 కిలోహెర్ట్జ్‌ల మధ్య కనిపించేది. మన చెవికి 20 దాటితే వినపడదు. 1974లో విట్లో ఔ, ఆయన సహచరులు హవాయిలోని కనియోహే అఖాతంలో, దూరాన వేలాడే లోహపు గోళాన్ని డాల్ఫిన్ల చేత వెతికించి కొలిచారు. అక్కడ అది 120–130 కిలోహెర్ట్జ్‌లు! బిగ్గరతనం కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. తొట్టిలో అరిస్తే దగ్గరి గోడల నుంచి ప్రతిధ్వనులు వచ్చి మీద పడతాయి. అఖాతంలోనో, దూరం ఎక్కువ. పైగా చిటికెలు వేసే రొయ్యల రొద. గొంతెత్తక తప్పదు.

"బంధించకుండా ఇదంతా తెలిసేదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, నడిసముద్రంలో కళ్లకు మూతలు పెట్టలేం. అఖాతంలో కొలిచినవీ శిక్షణలో ఉన్న డాల్ఫిన్లే. ఆ రుణం ఒప్పుకుందాం. కానీ టిక్కెట్లు పెట్టి ఆడించడం చదువు కాదు. 1998లో బల్గేరియా నుంచి చెన్నైకి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. 2013లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ అలాంటి ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు చెప్పడం మంచి పనే.

మరి మనమేం చేయాలి? వాడరేవు నుంచి వేటకెళ్లేవాళ్లు డాల్ఫిన్లను చూశామని చెప్తుంటారు. వలలో చిక్కిన డాల్ఫిన్ పైకొచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతుంది. అవి ఏ నెలలో, ఏ వేళలో తీరానికి దగ్గరగా వస్తాయో తెలిస్తే వల ఎక్కడ వేయకూడదో చెప్పొచ్చు. అందుకు తొట్టి అక్కర్లేదు. నీళ్లలో పెట్టే మైకు, అంటే హైడ్రోఫోన్, ఒక పడవ, మత్స్యకారుల సాయం చాలు. మన ఫిజిక్సు, జువాలజీ శాఖలు కలిసి ఈ పని ఎందుకు మొదలుపెట్టకూడదు?

మిత్రులారా, సముద్రం మనకు సైకిలు మీద పోయేంత దూరంలోనే ఉంది. గొంతును గట్టు మీదే విందాం.