వరుస యెవరిది?



చదివి ప్రేమించిన కథ చలనచిత్రముగా రానున్నదని తెలిసినతోడనే సంతోషముతోపాటు బెంగయు కలుగును. ఏ వేష మెవరు ధరింతురో, ఏ ఘట్టములు మిగులునో యని అభిమానులు తర్కించుకొందురు. కథలో పాటలున్నచో ఆ తర్కమునకు అంతమే యుండదు. పుస్తకములోని పాటకు మాటలుండును గాని వరుస యుండదు గదా!

ఆంగ్ల రచయిత టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా ప్రకటించిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అట్టి కథ. దుష్టశక్తి నిండిన యొక ఉంగరమును నశింపజేయుటకై సాగిన ప్రయాణమే అందలి వృత్తాంతము. దారి నడచునప్పు డొక పాట, స్నానమాడునప్పు డొక పాట, మృతుని సాగనంపునప్పు డొక పాట. ఇట్లు పదులకొలది గీతము లందున్నవి. చదువరులు తమకు తోచిన వరుసలో వానిని మనసున పాడుకొనిరి.

రచయితకును తన వరుస యుండెను. డొనాల్డ్ స్వాన్ అను సంగీతజ్ఞుడు కొన్ని గీతములకు వరుసలు కట్టి వినిపింపగా టోల్కీన్ మెచ్చుకొనెను. కాని గలాద్రియెల్ రాణి వీడ్కోలు పాటకు మాత్రము, ప్రాచీన క్రైస్తవ స్తోత్రములను బోలిన వేరొక వరుసను తానే కూనిరాగము తీసి చూపెను. స్వాన్ దానినే గైకొనెను. ఆ గీతములు 1967లో పుస్తకముగా వెలువడినవి.

పీటర్ జాక్సన్ న్యూజిలాండులో తీసిన మూడు చిత్రములు 2001 మొదలు 2003 వరకు ఏటేట వచ్చినవి. సంగీతము కూర్చిన హోవర్డ్ షోర్ ఒక్కొక్క జాతికి, ప్రదేశమునకు, ఉంగరమునకు సైతము వేర్వేరు వరుసలు కల్పించెను. గాయకబృందములు టోల్కీన్ సృష్టించిన భాషలలో పాడినవి. మొదటి, మూడవ చిత్రముల సంగీతమునకు ఆస్కార్ బహుమానములు లభించినవి. అయినను పుస్తకములోని పాటలు పెక్కులు తెరమీదికి రాలేదు.

వచ్చినవానిలో ఒక విశేషము గలదు. మూడవ చిత్రమున పిప్పిన్ పాత్రధారి బిల్లీ బాయిడ్ పాలకుని యెదుట పాడు పాటకు వరుస ఆయన కట్టుకొన్నదే. పట్టాభిషేక ఘట్టమున అరగార్న్ పాడు మాటలకును ఆ పాత్రధారి విగ్గో మార్టెన్‌సెన్ తానే వరుస కట్టెను.

2024లో ‘ద హంట్ ఫర్ గోలమ్’ అను మరియొక చిత్రము ప్రకటింపబడుటతో అభిమానుల ఊహలు మరల మొదలైనవి. ఇది వ్యర్థకాలక్షేపమని కొందరు నవ్వుదురు. నేనట్లు తలపను. వరుసకై వాదులాడువారు ఆ కథను తమదిగా జేసికొన్నవారు.

భయపడవలసినది వేరొకటి. తెరపై నొకమారు విన్న వరుస చెవిలో నాటుకొని, మనము కట్టుకొన్నదానిని తరిమివేయును. ముందుగా చిత్రమునే చూచిన పిల్లలకు తమ వరుస పుట్టనే పుట్టదు. కావున తల్లులారా! ఏ కథయైనను సరే, చిత్రము చూపుటకు ముందు చదివి వినిపింపుడు. పాట వచ్చినచోట నాగి మీకు తోచినట్లు పాడుడు, పిల్లలను పాడనిండు. శ్రుతి తప్పినను చింత లేదు. పిమ్మట తెరపై నెంతటి విద్వాంసుని సంగీతము వినవచ్చినను, వారు దానిని తమ వరుసతో పోల్చి, మెచ్చవలసినచోట మెచ్చి, కాదనవలసినచోట కాదనగలరు.