తుప్పు మీద నలుపు

ఎన్నటికీ ముగియని పనిని ఇంగ్లీషువారు ‘ఫోర్త్ వంతెనకు రంగు వేయడం’ అంటారు. స్కాట్లండులో 1890లో ప్రారంభమైన ఆ ఉక్కు రైలు వంతెనకు ఒక కొసనుంచి రంగు వేసుకుంటూ రెండవ కొసకు చేరేసరికి, మొదటి కొస మళ్లీ రంగుకు వచ్చేదని ప్రతీతి. అనువాదంలో ఆ మాట తగిలినప్పుడల్లా దానికి సాటియైన తెలుగు పలుకుబడి కోసం వెదుక్కునేదాన్ని. విశాఖపట్నంలో ఉప్పుగాలి వీచే మా ఇంటి వసారాలో, మా నాన్నగారి బుల్లెట్టు చట్రానికి మూడవసారి రంగు వేయబోయినప్పుడు దాని భావం నాకు పూర్తిగా బోధపడింది.

మొదటి రెండు పర్యాయాలూ ఆ పని నేనే చేశాను. ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, నల్లని ఎనామిల్ రంగు కుంచెతో పూశాను. తొలి ఏడు చట్రం అద్దంలా మెరిసింది. రెండవ వర్షాకాలానికి బొబ్బలెక్కి పెచ్చులూడింది. ఇంతలో మా అబ్బాయికి డ్రైవింగు లైసెన్సు వచ్చింది. తాతగారి బండి ఇక తానే నడుపుతానన్నాడు. ఈసారి మంచి రంగు వేయించాలని బండిని ఆటోనగరులో ఒక మెకానిక్కు వద్దకు తీసుకువెళ్లాను. వెనుక ఫోర్కు చట్రానికి కలిసేచోట ఆయన స్క్రూడ్రైవరు మొనతో గీకాడు. నల్లని పొర ఊడింది. దాని కింద తుప్పు, ఆ తుప్పు కింద వెంట్రుకవాసి పగులు!

“రంగు సంగతి తరవాత చూద్దామమ్మా. ఈ నలుపు లేకుంటే ఇది ఎప్పుడో కనబడేది” అన్నాడాయన.

ఆ నలుపు పూసిన చేయి నాదే. పగులుకు వెల్డింగు చేయించిన తరువాతగాని రంగు ఊసు ఎత్తలేదు.

ఇనుముకు గాలీ నీరూ తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు దానిని త్వరపెడుతుంది. తాను తిన్న ఇనుముకంటె తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, పైనున్న రంగును లోపలినుంచి నెట్టివేస్తుంది. ఎంత ఖరీదైన రంగైనా వదులు తుప్పును పట్టుకొని నిలవలేదు. ఫోర్త్ వంతెన కథ మలుపు తిరిగినదీ ఇక్కడే. పాత పొరలను తొలగించి, ఉక్కు బయటపడేదాకా శుభ్రం చేసి, గాజురేణువులు కలిపిన ఎపాక్సీ రంగు వేశారు. 2011 డిసెంబరులో ఆ పని ముగిసింది. పాతికేళ్లు నిలుస్తుందని అంచనా.

కనుక మన ఖర్చులో సింహభాగం శుభ్రతకే పోవాలి. ముందు గ్రీజును, నూనెను కడిగివేయాలి. లేకుంటే రుద్దినకొద్దీ జిడ్డు ఇనుముకే పడుతుంది. తరువాత మంచినీటితో ఉప్పు పోయేలా కడిగి, ఆరబెట్టి, తుప్పు తీయాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు కనుక తడిపి రుద్దడం క్షేమం. బ్లాస్టింగు చేయిస్తే పని వేగంగా సాగుతుంది. అయితే మామూలు ఇసుక దుమ్ము పనివాని ఊపిరితిత్తులను పాడుచేస్తుంది; వేరే రకపు గరుకు పొడి వాడేవారినే ఎంచుకోండి. శుభ్రపడిన ఇనుమును రాత్రంతా వదలివేయక, ఆనాడే ప్రైమరు పట్టించాలి. చట్రం మీది ఛాసిస్ నంబరును మాత్రం అరగదీయకండి, రంగుతో పూడ్చకండి. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషను పొడిగించుకునేనాడు దానినే చూస్తారు.

ఇక ఏ రంగు? పౌడర్ కోటింగు చాలా గట్టిది. పొడి చల్లి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. కాని రాయి తగిలి ఒకచోట పెచ్చు లేస్తే తడి దాని అడుగున పాకుతుంది. ఇంటివద్ద కుంచెతో ఆ పొరను తిరిగి నిలపలేము. హార్డెనరు కలిపి స్ప్రే చేసే పాలియురెథేన్ రంగు ఎండకు, పెట్రోలుకు తట్టుకుంటుంది. దానిలోని ఐసోసయనేట్ల తుంపర ఉబ్బసం తెప్పించగలదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. తగిన గది, శ్వాస పరికరాలు ఉన్నచోటనే అది వేయించాలి. డబ్బా నొక్కి చల్లే స్ప్రే సులువే, కాని పొర పలుచన. చట్రం మొత్తానికి లెక్కవేస్తే చవకా కాదు. ఎనామిల్ చవక, కుంచెకు లొంగుతుంది. బ్రేకు నూనె పడితే మాత్రం లేచిపోతుంది.

మధ్యతరగతి సంసారానికి నాకు తోచిన మార్గం ఇది: అడుగున రెండు పూతలు ఎపాక్సీ ప్రైమరు, పైన రెండు పలుచని పూతలు ఎనామిల్. ఎపాక్సీ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, కాని ఎండకు సుద్దలా పొడి రాలుతుంది. కాబట్టి దానికి పైపొర తప్పదు. ప్రైమరు గట్టిపడ్డాక తేలికగా గరుకు చేసి ఎనామిల్ వేయాలి. ఎపాక్సీని హార్డెనరుతో కలిపిన కొంతసేపటికి డబ్బాలోనే బిగుసుకుంటుంది. డబ్బా మీద చెప్పిన పాళ్లలో, అవసరమైనంతే కలుపుకోవాలి. మావంటి సముద్రతీరాన మబ్బు రోజులు, మంచు పట్టే వేళలు ఈ పనికి పనికిరావు.

డబ్బా ధర చూసి మోసపోకండి. వెయ్యి రూపాయల పని రెండేళ్లు నిలిస్తే ఏడాదికి 500. రెండువేల అయిదువందల పని పదేళ్లు నిలిస్తే ఏడాదికి 250. చవక ఏదో మీరే చెప్పండి.

చివరకు నలుపు మానివేసి లేత బూడిదరంగు వేయించాను. “తాతగారి బండి నల్లగానే ఉండాలి కదమ్మా” అని మా అబ్బాయి అలిగాడు. లేత రంగు మీద పగులు పుడితే తుప్పు చార గీత గీసినట్లు కనిపిస్తుందని చెప్పాను. ఇప్పుడు ప్రతి ఆదివారం వాడే తడిగుడ్డతో చట్రం తుడిచి, ఆ వెల్డింగు అతుకు దగ్గర ఒక నిమిషం ఆగి చూస్తాడు. ఆ తరువాతే బండి వీధిలోకి వెళుతుంది.