ఈ నెల ఎన్ని బాప్తిస్మములు?



మన సంఘములలో ఒక ప్రశ్న పాతుకొనిపోయినది. దూరదేశమునకు ఒక యువకుని సువార్త పనికి పంపుదుము. తలమీద చేతులుంచి ప్రార్థించి, పూలదండ వేసి, బస్సు ఎక్కించి వత్తుము. నెల తిరుగకమునుపే అడుగుదుము: "ఎన్ని బాప్తిస్మములు?" మరుసటి నెల మరల అదే ప్రశ్న. ఇది భక్తివలె కనబడును. అయితే మొదటి యేట ఈ ప్రశ్న అడుగుట ఆ పనివానికిని, ఆ పల్లెకును, దేవుని పనికిని కీడు చేయుచున్నదని నేను చెప్పుచున్నాను. కోపగించుకొనక తుదివరకు చదువుడి.

నేనెరిగిన ఒక సంఘము ఆఫ్రికాలోని ఒక పల్లెకు ఇరువదియారేండ్ల యువకుని పంపెను. ఆయన మొదటి ఉత్తరములో ఇట్లు వ్రాసెను: ఇక్కడ మొక్కజొన్న పిండితో చేసిన ముద్ద తినుచున్నాను, మన జొన్న సంకటివలెనే యున్నది; ముసలివారిని ఎట్లు పలకరింపవలెనో నేర్చుకొంటిని, ఇంటిల్లిపాది క్షేమము అడిగినగాని వారు వేరొక మాట ఎత్తరు; ప్రొద్దుననే వారితో చేలకు పోవుచున్నాను. ఆదివారము ఆరాధన తరువాత పెద్దలు ఆ ఉత్తరము చదివిరి. ఒకరు, "పలకరించుటకా మనము టిక్కెట్టు కొని పంపినది?" అనిరి. అందరును నవ్విరి. నేనును ఆ చాపమీదనే కూర్చుండియుంటిని. నోరు మెదపలేదు.

తరువాతి ఉత్తరములలో సంకటి లేదు, చేలు లేవు. లెక్కలు వచ్చెను. పన్నెండు, ముప్పది, నలువది. సెల్ ఫోనులో ఫోటోలు కూడ వచ్చెను. మేము చప్పట్లు కొట్టి దేవుని స్తుతించితిమి. రెండవ యేడు ముగియకమునుపే ఆయన తిరిగి వచ్చెను. ఒక సాయంకాలము నాతో ఒంటరిగా, "అయ్యగారూ, అవి చేతులెత్తినవారి లెక్కలండి. నేనేమి అడిగితినో వారికి తెలియదు. వారేమి చెప్పిరో నాకు తెలియదు. మీరు అడుగుచుంటిరి గనుక వ్రాసితిని" అనెను. ఆ అబద్ధము వ్రాసిన చేయి ఆయనదే. వ్రాయించినవారము మేము.

లుస్త్రలో జరిగినది జ్ఞాపకము చేసికొనుడి. పౌలు కుంటివానిని స్వస్థపరచెను. జనులు లుకయోనియ భాషలో కేకలు వేసిరి. అపొస్తలులు మొదట వారిని ఆపలేదు. ఎడ్లును పూదండలును గుమ్మమువరకు వచ్చిన పిమ్మటనే, తమ్మును దేవతలని యెంచి బలి అర్పింపబోవుచున్నారని విని, వస్త్రములు చింపుకొని పరుగెత్తిరి. పౌలంతటివానికే పల్లెభాష అందని చోట అంత పొరపాటు జరిగినయెడల, వెళ్లి మూడు నెలలైన మన పిల్లవానికి ఎంత జరుగవచ్చును? ఆ దినము గుంపును లెక్కించి పంపుమని ఎవరైన అడిగియుండినయెడల ఎంత గొప్ప లెక్క వచ్చియుండును! అది ఎంత గొప్ప అబద్ధమై యుండును!

యెహెజ్కేలు కెబారు నదియొద్ద చెరపట్టబడినవారి మధ్యకు వచ్చి, ఏడు దినములు వారియొద్ద మాటలేక కూర్చుండెను. మన ప్రభువు నజరేతులో ఏండ్ల తరబడి వడ్రంగి పనివాడై, ఆ యూరి నీళ్లు త్రాగి, ఆ యూరి మాట మాట్లాడిన తరువాతనే బోధింప నారంభించెను. ఆయనను ఎవరును నెలనెల లెక్క అడుగలేదు.

"పాతకాలపు మాటలు వద్దు, మన దేశములో పంట త్వరగా పండినది గదా" అని కొందరందురు. మన సంఘముల పుట్టుక ఎట్టిదో చూతము. డే దొరగారు 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరిరి. జ్యూయెట్ దొరగారు 1849లో వచ్చిరి. 1853లో సహా ఫలము కానరాక, ఈ తెలుగు మిషనును మూసివేయుదమా అని అమెరికాలోని పెద్దలు ఆలోచించిరి. మనవంటి పెద్దలే వారి పెద్దలైయుండినయెడల నేడు మీ పల్లెలో గుడిగంట మ్రోగియుండునా? 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అది వాస్తవమే. అయితే అది మొదటి యేటి ఫలముకాదు, నలువదిరెండవ యేటి ఫలము. అంతేకాదు, ఆ కరవు కాలములో బకింగ్‌హామ్ కాలువపని పెట్టించి వేలమందికి కూలి ఇప్పించిన క్లౌ దొరగారు, జనులు అన్నము కొరకు వత్తురేమోయని, ఒక యేటికి పైగా బాప్తిస్మములే ఇయ్యక నిలిపివేసిరి. అంత గొప్ప లెక్క పొందినవాడు లెక్క వద్దని ఆగినవాడు! ఆయన కంటె ముందు సందు సందు తిరిగినవారు ఎవరు? 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యవంటివారు. ఆ జనుల భాషయు, వారి ఆకలియు ఎరిగినవారు.

"మరి రంగయ్యగారి మాటేమి?" అని ఎరిగినవారు అడుగవచ్చును. మంచి ప్రశ్న. మన తెలుగు బాప్టిస్టు సంఘములు 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణ ఆఫ్రికాలోని నాటాలునకు పంపెను. ఆ యేడే కియర్స్‌నీ తేయాకు తోటలయొద్ద సంఘము ఏర్పడెను. ఇంత త్వరగా ఎట్లు జరిగెను? అక్కడ ఆయన కొరకు కనిపెట్టుచుండినవారు మనవారే. 1860 మొదలు ఐదేండ్ల ఒప్పందముమీద కూలికి ఓడలెక్కిన తెలుగువారిలో, మన పల్లెలలోనే ప్రభువును ఎరిగిన విశ్వాసులును ఉండిరి. కాపరిలేని మందకు తమ భాషవాడే కాపరిగా వచ్చెను. భాష ఎరిగినచోట పని త్వరపడెను. ఈ దృష్టాంతము నా మాటను బలపరచుచున్నదేగాని కొట్టివేయుట లేదు.

భాష ఎరుగనిచోట ఏమి చేయవలెనో మనకు చూపినవారు అజరయ్యగారు. ఆయన తమిళుడు. తిరునెల్వేలి సంఘస్థులు 1903లో తమ మిషనరీ సంఘమును స్థాపించి, నిజాము రాజ్యములోని దోర్నకల్లును తమ పొలముగా ఎంచుకొనిరి. 1909లో అజరయ్యగారు తామే అక్కడికి వచ్చి, ముప్పదియైదేండ్ల వయస్సులో మన తెలుగు నేర్చుకొనిరి. 1912లో బిషప్పు అయిరి. 1945లో ఆ మట్టిలోనే నిద్రించిరి. మన భాష నేర్చుకొనిన పరదేశి ద్వారా మేలు పొందినవారము, ఇతరుల భాష నేర్చుకొనుటకు మన బిడ్డలకు రెండేండ్లు ఇయ్యలేమా?

"అయ్యా, అది విధవరాండ్రు వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యపు సొమ్ము. లెక్క అడుగవద్దా?" అందురేమో. అడుగుడి. తప్పక అడుగుడి. ఆ పిడికెడు బియ్యము పరిశుద్ధమైనది, దానికి అబద్ధపు లెక్క తెచ్చుట దానిని అపవిత్రపరచుటయే. కాబట్టి నిజమైన లెక్క అడుగుడి. ఆ పల్లెభాషలో ప్రార్థన చేయగలవా? ఎవరి యింట భోజనము చేసితివి? ఎవరి చావుకు వెళ్లి కూర్చుంటివి? నీ తప్పులు దిద్దు స్నేహితుడు అక్కడ ఒక్కడైన దొరికెనా? మొదటి రెండేండ్లు ఈ ప్రశ్నలే అడుగవలెనని నా మనవి. బాప్తిస్మముల గడిని ఆ రెండేండ్లు కాగితముమీదనుండి తీసివేయుడి. దేవుడిచ్చినయెడల ఆయనే సంతోషముతో వ్రాయును, మనము గుంజనక్కరలేదు.

పనికి వెళ్లు తమ్ముడా, నీతోను ఒక మాట. పెద్దలు తప్పు ప్రశ్న అడిగిరని తప్పు జవాబు వ్రాయకుము. "ఇంకను నేర్చుకొనుచున్నాను" అని ధైర్యముగా వ్రాయుము. అక్కడివారు కుర్చీ వేసినను చాపమీద కూర్చుండుము. పిల్లలు నీ మాటకు నవ్వినయెడల వారినే అడిగి దిద్దుకొనుము.

నేను ఆ యువకుని యింటికి వెళ్లి, ఆ దినము చాపమీద మౌనముగా ఉండినందుకు క్షమాపణ అడిగితిని. ఆయన తల్లి మంచినీళ్లు ఇచ్చెను. ఆయన కొంతసేపు ఊరకుండి, ఆ పల్లెలో ముసలివారిని పలకరించు మాటను ఆ భాషలో నాకు చెప్పి వినిపించెను. ఇంకను మరచిపోలేదు. ఆయనను మరల పంపవలెనని నేను మా పెద్దల కూటములో అడుగబోవుచున్నాను. మీ పెద్దల కూటములో మీరేమి అడుగుదురు?