బోర్డు రాస్తే బాధ్యత పోతుందా?

2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధుల్లో ఆటోలు, మోటారు సైకిళ్లు, కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. అంత వరదను ఆ బ్యారేజీ అంతకుముందు చూడలేదు. నీళ్లు తీశాక బండి మెకానిక్ షెడ్డుకు చేరింది, బీమా పాలసీ బీరువాలోంచి బయటికొచ్చింది. ప్రీమియం కట్టేనాడు ఎవరూ తిరగేయని పేజీలను అప్పుడు చదవాల్సి వచ్చింది.

వరద నష్టానికి బీమా ఉంది. అయితే నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేయబోయి ఇంజిన్ లోపలికి నీరు పోయి పాడైతే, అది వరద చేసిన నష్టం కాదు, ఆ తర్వాత మీరు చేసుకున్న ‘పర్యవసాన నష్టం’ అని కంపెనీ వాదించడానికి వీలిచ్చే వాక్యం ఒకటి ఆ పేజీల్లో ఉంటుంది. క్లెయిములు త్వరగా తేల్చండని ముఖ్యమంత్రి బీమా కంపెనీలను, బ్యాంకులను పిలిచి అడగాల్సి వచ్చింది.

అలాంటి వాక్యాన్ని లాయర్లు మినహాయింపు నిబంధన అంటారు. గోడ మీద రాస్తే అది గమనిక, రసీదు వెనక అచ్చేస్తే షరతు, సినిమా ముందు వేస్తే ప్రకటన. అన్నీ డిస్‌క్లెయిమర్ కుటుంబానివే. జరిగినదానికి నేను బాధ్యుణ్ణి కానని ముందే చెప్పి పెట్టుకోవడమే వాటన్నిటి పని. బస్టాండు పక్క సైకిల్ స్టాండు నుంచి బీసెంట్ రోడ్డు బట్టల బిల్లు దాకా ఈ ఊళ్లో మనం రోజూ పది చోట్ల దాన్ని దాటుకుంటూ పోతాం. అలా రాసినంత మాత్రాన బాధ్యత నిజంగా పోతుందా అని అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువ సందర్భాల్లో పోదు. ఎందుకు పోదో తెలియాలంటే ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి.

పుట్టినప్పుడు దాని అర్థం వేరు. మధ్యయుగాల ఇంగ్లండులో డిస్‌క్లెయిమ్ అంటే హక్కును వదులుకోవడం, లేదా కాదనడం. ప్రభువు భూమిని దున్నుకుంటున్న కౌలుదారు ‘ఈ భూమి నీది కాదు’ అన్నాడంటే అది డిస్‌క్లెయిమర్. అందుకు ఫలితం భూమి చేజారడం. 16, 17 శతాబ్దాల్లో వంశచిహ్నాలను తనిఖీ చేస్తూ తిరిగిన రాజాధికారులు, రుజువు చూపలేనివాళ్ల చేత ‘ఈ చిహ్నం వాడే హక్కు నాకు లేదు’ అని బహిరంగంగా ఒప్పించేవారు. దానికీ ఇదే పేరు. అంటే మొదట్లో ఈ మాట పలికినవాడు తన దగ్గరున్నదాన్ని పోగొట్టుకునేవాడు. ఇవాళ అదే మాట పలికినవాడు ఎదుటివాడికి రావలసినదాన్ని ఎగ్గొట్టజూస్తున్నాడు.

పాత అర్థం మన చట్టాల్లోకీ వచ్చింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 111వ సెక్షన్ ప్రకారం, అద్దెకున్నవాడు ఆస్తి తనదేననో, మూడోవాడిదనో అంటే యజమాని లీజు రద్దు చేసుకోవచ్చు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో, సదుద్దేశం లేకుండా యజమాని హక్కును కాదనడం ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక కారణంగా ఉండేది. ఆంధ్ర ప్రాంతంలోని కౌళ్ల కోసం 1956లో తెచ్చిన చట్టంలోనూ ఇదే తప్పు కనిపిస్తుంది.

కృష్ణా డెల్టాలో ఈ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట మీద మక్తా కుదుర్చుకుని చేసే కౌలు ఇక్కడ మామూలు. కాగితం రాస్తే రేపు కౌలుదారు భూమి నాదంటాడేమోనని యజమాని భయం. ఆ భయం పోగొట్టడానికి ప్రభుత్వమే కౌలుదారు చేత ముందస్తు నిరాకరణ చెప్పించింది. 2011లో తెచ్చిన కౌలు చట్టం రుణ అర్హత కార్డు ఇచ్చింది, దాని గడువు ఏడాది. 2019 చట్టం పంట సాగుదారు హక్కుల పత్రం ఇచ్చింది, దాని గడువు 11 నెలలు, దాని మీద యజమాని సంతకం కావాలి. రెండు చట్టాలూ ఒకటే భరోసా ఇచ్చాయి: ఈ కార్డు పంట రుణానికి, పంట బీమాకు, నష్ట పరిహారానికే, భూమి మీద ఏ హక్కూ రాదు. ఇంత స్పష్టంగా రాసినా చాలామంది యజమానులు సంతకానికి ముందుకు రావడం లేదు. సంతకం లేక కార్డు లేదు, కార్డు లేక బ్యాంకు రుణం లేదు, తుపానుకు వరి నేలవాలితే పరిహారం పొలం ఉన్నవాడి పేరునే వస్తుంది. యజమాని భయానికి చట్టం ఇచ్చిన చోటు, కౌలు రైతు నష్టానికి ఇవ్వలేదని నేననుకుంటాను. తనకు లేని హక్కును వదులుకుంటున్నానని ఒప్పుకున్నాక కూడా ఆ మనిషి చేతికి కాగితం రాకపోవడం అన్యాయం.

అయినా కౌలుదారు నిరాకరణకు చట్టంలో విలువ ఉంది, అది తన హక్కు గురించి తాను చెప్పిన మాట గనక. తనకు రావలసినది వదులుకోవాలంటే మనిషికి తన మాట ఒక్కటే చాలు. తాను చెయ్యవలసినది వదిలించుకోవాలంటే మాత్రం ఎదుటివాడి ఒప్పుదల కావాలి. ఒప్పుదలంటే తెలిసి, ముందుగా, వేరే దారి ఉండి ఒప్పుకోవడం. రెండు శతాబ్దాలుగా కోర్టులు చిన్న అక్షరాల మీద చెబుతున్న తీర్పులన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతున్నాయి.

బెజవాడ లారీల ఊరు కాబట్టి రవాణా నుంచే మొదలుపెడదాం. సరుకు రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ అన్న ముద్ర చూడని వ్యాపారి ఇక్కడ ఉండడు. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో బండ్లవాళ్లు సత్రం గోడకు నోటీసు అంటించి, పోయిన సరుకుకు మాకు సంబంధం లేదనేవారు. 1830లో అక్కడ చట్టం వచ్చి ఆ గోడ నోటీసుల బలం తీసేసింది. మన దేశంలో 1865 నాటి రవాణాదారుల చట్టం ఒక మెట్టు ఎక్కింది. బాధ్యత తగ్గించుకోవాలంటే సరుకు యజమాని సంతకం చేసిన ప్రత్యేక ఒప్పందం ఉండాలంది. అది ఉన్నా, తన నిర్లక్ష్యం వల్లా తన మనుషుల నేరం వల్లా పోయిన సరుకుకు రవాణాదారే జవాబుదారీ అంది. సరుకు పోయిందని చూపిస్తే చాలు, నిర్లక్ష్యం జరిగిందని యజమాని రుజువు చెయ్యనక్కర్లేదు. ‘ఓనర్స్ రిస్క్’ అన్న మాట నిర్లక్ష్యాన్ని కప్పదని 2000లో నాథ్ బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత చట్టం స్థానంలో 2007 నాటి రోడ్డు రవాణా చట్టం వచ్చింది. ముద్ర మాత్రం రసీదు మీద అలాగే ఉంది.

మద్రాసు హైకోర్టు 1960లలో తేల్చిన లిల్లీ వైట్ కేసు చిన్నదే గానీ నాకు ఎంతో ఇష్టమైనది. ఒకరు కొత్త చీర లాండ్రీకి వేశారు, లాండ్రీవాళ్లు దాన్ని పోగొట్టారు. రసీదు వెనక ఉన్న షరతు ప్రకారం చీర ఖరీదులో కొంత భాగమే ఇస్తామన్నారు. అలాంటి షరతు చెల్లితే, కొత్త బట్టను తక్కువ ధరకు కాజేసే అవకాశం లాండ్రీకి ఇచ్చినట్టే అవుతుంది, ప్రజాహితానికి అది విరుద్ధం అని కోర్టు కొట్టేసింది. ఒక చీర మీద వచ్చిన ఆ తీర్పును కాంట్రాక్టు చట్టం చదివేవాళ్లు ఇప్పటికీ చదువుతున్నారు.

పార్కింగ్ సంగతీ అంతే. 1998లో ఢిల్లీలో ఒక హోటల్‌కు వచ్చిన అతిథి తాళాలు హోటల్ మనిషి చేతికిచ్చి లోపలికి వెళ్లాడు, తిరిగొచ్చేసరికి కారు లేదు. చీటీ మీద ‘కారు యజమాని సొంత బాధ్యత మీదే’ అని అచ్చై ఉంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. తాళాలు పుచ్చుకున్న క్షణం నుంచి 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ పట్టుకుంటుంది: తన వస్తువును వివేకమున్న మనిషి ఎంత భద్రంగా చూసుకుంటాడో అంత భద్రంగా చూడాలి. చూశానని ముందు హోటలే రుజువు చేసుకోవాలి, ఆ తర్వాతే చీటీ సంగతి. ఖాళీ స్థలంలో మనమే బండి పెట్టి తాళం జేబులో వేసుకుని పోతే లెక్క వేరు కావచ్చు. ఏది ఎవరి చేతికి అప్పగించామన్నదే అక్కడ అసలు ప్రశ్న.

ప్రాణం దగ్గర ఏ బోర్డూ నిలవదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. అలాంటి చోట టిక్కెట్టు వెనక ఏం రాసినా, ఎవరు సంతకం చేసినా, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం చెరగదు. దాన్ని చెరపడం ప్రయాణికుడి చేతిలోనూ లేదు.

బట్టల బిల్లు కింద ‘అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు’ అన్న వాక్యానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం జవాబిచ్చింది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. రంగు నచ్చలేదన్న చీరకు ఇది వర్తించదు, మొదటి ఉతుకులోనే రంగు వెలిసిన చీరకు వర్తిస్తుంది. కొట్టువాడికీ కొనేవాడికీ ఇద్దరికీ న్యాయమైన గీత ఇది.

ఇక పత్రికలు. వ్యాసాల్లోని అభిప్రాయాలు రచయితలవేనని, ప్రకటనలకు మాకు బాధ్యత లేదని మా పేజీల్లోనూ రాసుకుంటాం. ఆ రెండు ముక్కల బలం ఎంతో బెజవాడకు 1908లోనే తెలుసు. తిరునెల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసానికి ఇక్కడి ‘స్వరాజ్య’ వారపత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం కేసులో మూడేళ్లు జైల్లో ఉన్నారు. పత్రిక కింద అచ్చయ్యే సంపాదకుడి పేరు, ముద్రాపకుడి పేరు అలంకారానికి పెట్టినవి కావు. అచ్చయిన ప్రతి అక్షరానికీ ఎవరిని పట్టుకోవాలో చెప్పే పంక్తి అది. ముందుగా స్పష్టంగా చెబితే తప్ప ప్రకటనలతో సహా అన్నిటికీ సంపాదకుడిదే బాధ్యత అని ప్రెస్ కౌన్సిల్ నియమావళి ఇప్పటికీ అంటోంది. అలా చెప్పినా, పరువు తీసిన మాటకు కోర్టులో అది పూర్తి కవచం కాదు.

అదే పత్రిక లోపలి పేజీల్లో వచ్చే బహిరంగ ప్రకటనలు చూడండి. ‘నా కుమారుడితో నాకు ఏ సంబంధమూ లేదు’ అని ఒక తండ్రి వేయిస్తాడు. తన స్వార్జితాన్ని కొడుక్కి దక్కకుండా వీలునామా రాసుకోవచ్చు గానీ, పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చిన వాటాను ఆ నాలుగు లైన్లు తీసెయ్యలేవు. పక్కనే ఇంకొకటి: ఫలానా భాగస్వామ్య సంస్థ నుంచి తప్పుకున్నానని. దానికి మాత్రం గట్టి బలం ఉంది. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం తప్పుకున్నవాడు బహిరంగ నోటీసు ఇచ్చేదాకా, సంస్థ చేసే అప్పులు అతని మెడకు చుట్టుకోవచ్చు. రిజిస్టరైన సంస్థయితే రిజిస్ట్రారుకు తెలపడం, గెజిట్‌లో, ఆ జిల్లాలో తిరిగే కనీసం ఒక దేశభాషా పత్రికలో వేయించడం తప్పనిసరి. వన్‌టౌన్ వ్యాపారులకు ఇది చెప్పనక్కర్లేదు. అప్పిచ్చేవాడికి ముందుగా తెలియజేస్తుంది కాబట్టే ఆ నిరాకరణ చెల్లుతుంది.

సినిమా తెర మీది ‘పాత్రలన్నీ కల్పితం’ అన్న మాట లండన్ కోర్టు గదిలో పుట్టింది. రాస్‌పుటిన్ మీద ఎం.జి.ఎం. 1932లో తీసిన సినిమాలో ఒక పాత్ర తననే పోలి ఉందని, తన పరువు పోయిందని రష్యా రాకుమారి ఇరీనా యూసుపోవ్ దావా వేసింది. జ్యూరీ 25,000 పౌండ్లు ఇప్పించింది, 1934లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ దెబ్బతో ప్రతి సినిమాకూ ఆ వాక్యం తగిలించడం మొదలైంది. విచిత్రమేమంటే, పోలిక స్పష్టంగా ఉంటే ఆ వాక్యం ఉన్నా ఆమే గెలిచేది. 2021లో ‘రిపబ్లిక్’ సినిమా వచ్చినప్పుడు కొల్లేరు లంక గ్రామాలవాళ్లు ఆ కథ తమ సరస్సుదేనని, తమను తప్పుగా చూపారని ఆందోళన చేశారు. తెర మీద పేరు మార్చినా చూసేవాళ్లు ఊరును గుర్తుపట్టారు. గుర్తుపట్టారా లేదా అన్నదే చట్టం కూడా మొదట అడిగే ప్రశ్న.

ప్రభుత్వమూ ఈ పని చేస్తుంది. స్థలం కొనేముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో తీసే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చివర, వెతుకులాటలో తప్పులు దొర్లితే శాఖ బాధ్యత వహించదని ఉంటుంది. విజయవాడ చుట్టుపక్కల జీవితకాలం కూడబెట్టిన డబ్బుతో రెండు సెంట్లు కొనే మనిషి, నమ్మడానికి వేరే కాగితం లేక ఆ కాగితాన్నే నమ్ముతున్నాడు. ఫీజు పుచ్చుకుని తన రికార్డును తానే వెతికి ఇచ్చిన శాఖ ఆ వాక్యం తీసెయ్యాలి.

బీమాకు తిరిగొస్తాను. 2022 నవంబరులో టెక్స్‌కో మార్కెటింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వరద బాధితులంతా తెలుసుకోవాలి. ఒక దుకాణం నేలమాళిగలో ఉంది. కంపెనీవాళ్లు వచ్చి చూసి మరీ పాలసీ ఇచ్చారు. అగ్నిప్రమాదం జరిగాక, నేలమాళిగకు పాలసీ వర్తించదన్న నిబంధన బయటికి తీశారు. చూసి, ప్రీమియం పుచ్చుకుని, మినహాయింపు సంగతి చెప్పకుండా దాచినవాళ్లు దాని చాటున దాక్కోలేరని కోర్టు తేల్చింది. మినహాయింపు నిబంధనను పాలసీ తీసుకునేవాడికి తెలియజెప్పడం కంపెనీ విధి, తెలియజెప్పానని రుజువు చేయవలసిందీ కంపెనీయే.

కాబట్టి ఇంజిన్ కేసులో అడగవలసింది, ఆ వాక్యం పాలసీలో ఉందా అని మాత్రమే కాదు. అది మీకు ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెప్పారు? ఇంజిన్‌కు విడిగా రక్షణ దొరుకుతుందని అమ్మేనాడు చెప్పారా? బండి స్టార్ట్ చేశారనడానికి సర్వేయర్ దగ్గర ఆధారమేంటి? క్లెయిము తిరస్కరిస్తే కారణాన్ని రాతలో తీసుకోవాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది, చెల్లించిన ప్రీమియం 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. ఆ రెండేళ్లు మామూలుగా తిరస్కరణ ఉత్తరం మీది తేదీ నుంచే లెక్కకు వస్తాయి.