ఆ పార్టు ఏ బండికి సెట్టవుతుంది?

టెక్నాలజీ మీద బ్లాగు రాస్తాను కాబట్టి స్టూడెంట్స్ నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: "అన్నా, నెక్స్ట్ ఏ కోర్సు చేయమంటావ్?" నా జవాబు చాలామందికి నచ్చదు. కోర్సులు కాసేపు ఆపి, ఏదో ఒక సరుకు గురించి లోతుగా తెలుసుకోండి అంటాను. ఎందుకంటారా? అమెరికాలో పాత పికప్ ట్రక్కుల పార్టులు ఎలా కొంటారో, ఎలా అమ్ముతారో చూడండి. మీకే అర్థమవుతుంది.

షెవర్లే కంపెనీ 1947లో 'అడ్వాన్స్ డిజైన్' పేరుతో కొత్త ట్రక్కుల వరుస తెచ్చింది. అందులో అర టన్ను పికప్ పేరు 3100. వాటిని బాగుచేసుకుని నడిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి డోరు, గ్రిల్లు, ఇంజిన్ హెడ్డు లాంటివి కావాలి. అందుకే కదలని బండిని విప్పి, ముక్కముక్కగా అమ్మేవాళ్లూ ఉన్నారు. మొత్తం బండిని ఒకేసారి అమ్మితే వచ్చేదానికంటే ఇలా విడివిడిగా అమ్మితే ఎక్కువ రావచ్చు. కాకపోతే ఓ షరతు ఉంది. చేతిలో ఉన్నది ఏమిటో అమ్మేవాడికి కచ్చితంగా తెలియాలి.

ఒకే ఏడాది, రెండు బండ్లు

"1955 షెవర్లే పికప్ డోరు అమ్మబడును" అని ఒక ప్రకటన ఉందనుకోండి. చదవగానే వివరం సరిపోయిందనిపిస్తుంది. కానీ సరిపోదు. 1955 మొదటి నెలల్లో అమ్మింది పాత డిజైనే. మార్చిలో పూర్తిగా కొత్త 'టాస్క్ ఫోర్స్' డిజైన్ వచ్చింది. ముందు అద్దం పక్కలకు చుట్టుకుని వచ్చింది, క్యాబిన్ మారింది, 6 వోల్టుల కరెంటు 12 వోల్టులైంది. రెండూ 1955 బండ్లే. ఒకదాని డోరు రెండోదానికి పట్టదు. అందుకే తెలిసినవాళ్లు 'ఫస్ట్ సిరీస్', 'సెకండ్ సిరీస్' అని విడిగా రాస్తారు.

పాత డిజైన్‌లోనూ మార్పులున్నాయి. 1951లో డోరుకు గాలి కోసం తిరిగే చిన్న అద్దం వచ్చింది. 1952లో నొక్కితే తెరుచుకునే హ్యాండిల్ వచ్చింది. 1953 దాకా రెండు ముక్కలుగా ఉన్న ముందు అద్దం, 1954లో ఒకే ముక్క అయింది. అదే ఏడాది గ్రిల్లు కూడా మారింది.

ఇప్పుడు మీరు ఈ పార్టుల కోసం వెబ్‌సైట్ చేస్తున్నారనుకోండి. టేబుల్లో 'సంవత్సరం' అని ఒక కాలమ్ పెట్టి, 1955 అని నింపేశారు. కోడ్ పరిగెడుతుంది. ఒక్క ఎర్రర్ కూడా రాదు. కానీ డోరు వెనక్కి వస్తుంది! అంత బరువైన సరుకుకి రానూపోనూ రవాణా ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఆ తప్పు పట్టుకోగలిగేది ప్రోగ్రామింగ్ తెలిసినవాడు కాదు, బండి తెలిసినవాడు. రెండూ తెలిసినవాడు దొరికితే ఏ కంపెనీ వదులుకుంటుంది?

ఇనుము మీద డేటా

ఇంజిన్ దిమ్మ మీద పోతపోసినప్పుడే పడిన అంకెలుంటాయి. వాటినే కాస్టింగ్ నంబర్ అంటారు. పక్కనే తేదీ కోడ్ ఉంటుంది. షెవర్లేలో ఎ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా ఎల్ అంటే డిసెంబర్. తర్వాత రోజు, చివర్లో సంవత్సరంలోని ఆఖరి అంకె. 'సి 14 3' అని ఉంటే మార్చి 14 అని తెలుస్తుంది. మరి 3 అంటే 1953నా, 1963నా? కాస్టింగ్ నంబర్‌తో కలిపి చూస్తేగానీ తేలదు. డేటాబేస్ క్లాసులో చెప్పిన కాంపోజిట్ కీ ఇదే కదా!

ఏ పార్టు ఏయే బండ్లకు పనికొస్తుందో చెప్పే హోలాండర్ పుస్తకాలు అక్కడి స్క్రాప్ యార్డుల్లో 1930ల నుంచీ వాడుకలో ఉన్నాయి. ఈరోజు అదే పని 'ఏసెస్', 'పైస్' అనే డేటా ప్రమాణాలు చేస్తున్నాయి. మొదటిది పార్టు ఏ బండికి సరిపోతుందో చెబుతుంది, రెండోది ఆ పార్టు కొలతలు, బరువు, ప్యాకింగ్ లాంటి వివరాలు చెబుతుంది. ఆన్‌లైన్‌లో మీ బండి మోడల్ ఎంచుకోగానే దానికి తగిన పార్టులే కనిపిస్తున్నాయంటే, వెనకాల ఎవరో ఈ పని చేసిపెట్టారన్నమాట.

రెజ్యూమెకీ ఇదే సూత్రం

ఈ వ్యాపారంలో మూడు మాటలు ముఖ్యం. 'ఎన్‌ఓఎస్' అంటే ఆ కాలంలోనే తయారై, వాడకుండా మిగిలిపోయిన పార్టు. 'యూజ్డ్' అంటే వాడినది. 'రీప్రొడక్షన్' అంటే ఇప్పుడు కొత్తగా తయారుచేసినది. మూడూ అమ్ముడవుతాయి. కానీ ఒకదాని పేరుతో ఇంకొకటి అంటగడితే మాత్రం పేరు పోతుంది. మంచి అమ్మకందారు పగులు ఎక్కడుందో, వెల్డింగ్ ఎక్కడ చేశారో ఫొటో తీసి మరీ పెడతాడు.

మీ రెజ్యూమె చూసుకోండి. రెండు వారాలు వీడియోలు చూసి 'ఎక్స్‌పర్ట్' అని రాశారా? అది రీప్రొడక్షన్‌ని ఎన్‌ఓఎస్ అని అమ్మడమే. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

"కోడింగ్ టెస్టులో ఇవి అడగరుగా?"

నిజమే, అడగరు. కోడింగ్ ప్రాక్టీస్ మానేయమని నేనూ అనట్లేదు. కానీ ఆ టెస్టు దాటినవాళ్లందరి దగ్గరా అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు ఉంటే, మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి? పైగా ఇప్పుడు కోడ్ ఏఐ టూల్స్ కూడా రాస్తున్నాయి. వచ్చిన సమాధానం తప్పని చెప్పగలగడానికే విలువ పెరుగుతోంది.

దీనికోసం అమెరికా వెళ్లక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్ మనదే. మహీంద్రా బండ్ల తయారీని విల్లీస్ జీపులు బిగించడంతోనే మొదలుపెట్టింది, కాబట్టి పాత జీపైనా తీసుకోవచ్చు. బండ్లంటే ఆసక్తి లేదా? గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి తేజకీ 334కీ తేడా అడగండి. మీ ఇంట్లో మందుల షాపు ఉంటే అక్కడే మొదలుపెట్టండి.

బండినే ఎంచుకుంటే ఒక మోడల్, ఇరవై పార్టులు చాలు. ప్రతిదానికీ నంబర్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు సరిపోతుంది, చూడ్డానికి అలాగే ఉన్నా పట్టనిది ఏది, ఎందుకు పట్టదు — ఇవన్నీ రాసుకోండి. షాపులో ఏళ్ల తరబడి కూర్చున్న పెద్దాయన్ని "బాబాయ్, ఇది దానికెందుకు సెట్టవదు?" అని అడగండి. ఆయన చెప్పిన కారణం మీ టేబుల్లో ఒక కాలమ్ అవ్వాలి. ఆ తర్వాతే కోడ్ మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అన్నప్పుడు బట్టీపట్టింది కాకుండా మీకు తెలిసింది చెబుతారు.