గంజి లెక్క ఎవరికి రాయాలి?

తుఫానొస్తే పల్లె జనం ఉరికేది చర్చికే. ఊళ్ళో బడి ఉంది, గుళ్ళున్నాయి. మనం పక్కన కూచుంటే మొహం తిప్పుకునే వాళ్ళూ ఉన్నారు. మన గూడెంలో గట్టి గోడలున్నది చాలాచోట్ల చర్చి ఒక్కదానికే. గంజి కాసేదీ అక్కడే.

నీళ్ళు తీశాక తగువు మొదలు. చర్చికి సర్కారు డబ్బివ్వడమేంటి, మతమార్పిడికి మదుపా అని ఒకడు. దేవుడి పనికి లెక్కలేంటి అని మన పాస్టర్లలో కొందరు. రెండూ మేం ఒప్పుకోం.

ధాత కరువు, 1876-78 నాటి మాట. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు పట్టాడు. డబ్బు సర్కారుది. తట్టలు మోసింది వేలమంది మాదిగలు. కూలి తీసుకుని బతికారు, ఎవరి దయా కాదు. తిండికోసం చేరారన్న మాట రాకూడదని కరువున్నన్నాళ్ళూ దొర బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా మనల్ని గంజికి అమ్ముడుపోయారనడం మాన్లేదు. (అనేవాళ్ళ గాదెల్లో అప్పుడు ధాన్యం లేదా?)

కాబట్టి ఖర్చు సర్కారే ఇవ్వాలి. బియ్యం, నూనె, కట్టెలు, మందులు, ఎంత అయితే అంత. ఆపదలో ప్రజల్ని కాయడం దాని పని. ఆ పని ఇంకొకరు చేస్తే బిల్లు కట్టాలి. బిల్లులో గోడల సున్నం, మైకుసెట్టు రాస్తే మాత్రం మేమే అడ్డుపడతాం. చర్చి మాత్రం ఎవరిది? వండే ప్రతిపూటా మన ఆడోళ్ళు తీసి పెట్టిన పిడికెడు బియ్యంతో నిలబడింది. అందుకే ఎంతొచ్చింది, ఎంత ఖర్చయిందీ పల్లె మొత్తాన్ని కూచోబెట్టి చదవాలి. ప్రార్థనకి వచ్చినోడికీ రానోడికీ ఒకటే గరిటె.

ఇంకోమాట. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచినప్పుడు ఉప్పెన కులం అడగలేదు, మతం అడగలేదు. సర్కారు అడుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం చర్చికెళ్ళే మాల, మాదిగ ఎస్సీ కాడు, బీసీ-సీ. తుఫానుకి తలదాచుకోను చర్చి పనికొస్తుంది, సర్టిఫికెట్టు అడిగితే అదే చర్చి అడ్డమొస్తుంది! ఆ బాకీ ఎవరు కడతారు? గంజి బిల్లుతోపాటు దాన్నీ ఎమ్మార్వో బల్ల మీద పెట్టండి.